చీనీ కాయకు చిల్లు, కంచె మీద తిప్పతీగ: ఒక తోట కేసు

భాకరాపేట దాటాక శేషాచలం కొండల పాదాన ఉన్న నాలుగు ఎకరాల సాత్‌గుడి చీనీ (బత్తాయి) తోట ఇది. రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు, ఆరు మీటర్ల ఎడం, ఎకరాకు దాదాపు 110 చెట్లు, బోరు కింద డ్రిప్పు. చెట్లు మంచి వయసులో ఉన్నాయి. ఆకు ముదురు పచ్చగా ఉంది, కాపు కూడా బాగా పట్టింది. సంక్రాంతి తర్వాత వచ్చిన పూత మీది కాయ సెప్టెంబరులో రసం పట్టి పసుపుకు తిరుగుతుండగా రాలడం మొదలైంది. రాలింది పిందె కాదు, బండికెత్తే కాయ. రైతుకు ఇంతకంటే బాధ ఉండదు. ఏడాది పొడవునా పెట్టిన ఖర్చంతా అప్పటికే కాయలో ఉంటుంది.

నన్ను పిలిచేలోపు తోట యజమాని, ఆ పెద్దాయన, చేయని ప్రయత్నం లేదు. మందుల అంగట్లో పండు ఈగ అన్నారు, మగ ఈగలను లాగే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టాడు. బుట్టల్లో ఈగలు పడ్డాయి కానీ కాయ రాలడం ఆగలేదు. తర్వాత ఇంకొకరు బోరాన్ లోపం అన్నారు, పిచికారీ చేశాడు. ఆ తర్వాత రెండు రకాల పురుగు మందులు, అవీ కోతకు దగ్గరపడిన కాయ మీద. "మందు మీద మందు కొట్టినాము సార్, కాయ నిలబళ్లేదు. ఇంక మీరేం రాసిస్తారో రాసీండి" అన్నాడు. ఏ మందూ రాయలేదు. రాలిన కాయలు ఒక గంపకు ఏరించి నీడలో కూర్చుని ఒక్కొక్కటే చూశాం.

కాయ రాలడానికి కారణం చాలాసార్లు కాయ మీదే కనిపిస్తుంది. ఈ కాయల్లో దాదాపు అన్నింటికీ గుండుసూది దూరేటంత చిల్లు ఒకటో రెండో ఉన్నాయి. చిల్లు చుట్టూ తొక్క గోధుమ రంగుకు తిరిగి మెత్తబడింది. అక్కడ బొటనవేలితో నొక్కితే చిల్లులోంచి రసం నురగతో పాటు బయటికొచ్చింది, పులిసిన వాసన. అడ్డంగా కోస్తే చిల్లుకు ఎదురుగా ఉన్న తొనలు రసం పోయి బెండు బారాయి. ఈ చిల్లు కాయల్లో పురుగు మాత్రం లేదు. పండు ఈగ గుడ్డు పెట్టిన కాయను కోస్తే తెల్లటి చిన్న పురుగులు కదులుతూ కనబడాలి. గంపలో అలాంటి కాయలు ఉన్నాయి కానీ చాలా తక్కువ. బోరాన్ లోపమైతే కాయ గట్టిపడి, లోపల బంక కట్టి, ఆకారం చెడుతుంది. తొక్కకు బయట నుంచి చిల్లు పడదు.

రెండో ఆధారం తోటలో కాయలు రాలిన తీరు. వరుసల వెంట నడుస్తూ చెట్ల కింద చూశాం. కొండ వైపు మొదటి మూడు నాలుగు వరుసల్లోనూ, దక్షిణం కంచె వెంట ఉన్న చెట్ల కిందా కుప్పలుగా ఉన్నాయి. తోట మధ్యలోకి వచ్చేసరికి తగ్గిపోయాయి. ఇంటి వైపు చెట్ల కింద ఏరుకుంటే దొరికేటన్ని మాత్రమే. పోషకాల లోపానికి కొండ వైపు, ఇంటి వైపు అనే తేడా ఉండదు. నేల మారితే తప్ప తోటంతా ఒకేలా కనిపిస్తుంది. ఇది బయట నుంచి వచ్చి, తిని, మళ్ళీ బయటికి వెళ్ళిపోయే దాని పని. ఎలాంటి తోటలోనైనా ముందు ఇలా నడిచి చూడమని కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెబుతుంటాను. ఖర్చు లేని పరీక్ష ఇది, ల్యాబ్ రిపోర్టు కన్నా ముందే సగం జవాబు చెప్పేస్తుంది.

పగలు చూస్తే చెట్టు మీద ఏమీ ఉండదు. అందుకే చీకటి పడ్డాక వెళ్ళాం. ఆ చుట్టుపక్కల ఏనుగులు పొలాల్లోకి దిగుతుంటాయి కాబట్టి ఫారెస్టు వాళ్ళను అడిగి, గుంపు ఆ వైపు లేదని తెలుసుకున్నాకే నలుగురం కలిసి తోటలోకి దిగాం. ఇలా రాత్రి కాపలా కాసేవాళ్ళెవరైనా సరే, కొండ పక్క తోటల్లో ఒంటరిగా తిరగకూడదు. కాయ పోతే వచ్చే ఏడు కాస్తుంది.

ఎనిమిది దాటాక మొదలైంది. టార్చి కాయల మీద తిప్పుతుంటే ఒక చోట రెండు ఎర్రటి చుక్కలు మెరిశాయి. అవి దాని కళ్ళు. దగ్గరికి వెళితే కాయ మీద ముదురు గోధుమ రంగు రెక్కలు మూసుకుని, అచ్చం ఎండుటాకు అంటుకున్నట్టు కూర్చుని ఉంది. తొండం కాయలోకి దిగి ఉంది, ఒళ్ళు సన్నగా వణుకుతోంది. వేలు తగిలిస్తే పై రెక్కలు విప్పింది. కింద రెక్కలు నారింజ పసుపు, మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ, అంచుకు నల్లటి పట్టీ, పట్టీలో తెల్ల చుక్కలు. పెద్దాయన కొడుకు ఆశ్చర్యపోయాడు. "ఇది సీతాకోకచిలుక మాదిరి ఉండాది సార్, ఇదేం చేస్తాది కాయను?" అన్నాడు.

అది పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు, శాస్త్రీయ నామం యూడోసిమా మెటర్నా. ఇంకో నాలుగు చెట్ల అవతల దాని దగ్గరి చుట్టం యూడోసిమా ఫలోనియా దొరికింది. దాని కింద రెక్క మీద మచ్చ గుండ్రంగా కాకుండా కామా మాదిరి వంకరగా ఉంటుంది, పురుగు కూడా కాస్త పెద్దది, రెక్కలు విప్పితే ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు. పాత వ్యవసాయ పుస్తకాల్లో వీటినే ఓథ్రీస్ అని రాసేవారు. ఇవి కొత్తగా ఎక్కడి నుంచో వచ్చిన పురుగులు కావు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఈ రెండింటికీ పేరు పెట్టింది 1760లలోనే. ఫలోనియా ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ ద్వీపాల దాకా ఉంది. మన ప్రాంతంలో చీనీ, నిమ్మజాతి పండ్లతో పాటు దానిమ్మ, జామ, ద్రాక్షకూ ఇవి వస్తాయి. తోతాపురి మామిడి వానాకాలం ముదరకముందే చాలావరకు తెగిపోతుంది కాబట్టి చిత్తూరు వైపు మామిడి రైతులు దీని బాధ అంతగా ఎరగరు.

పట్టుకున్న ఒక దాని తొండం భూతద్దం కింద ఆ ఇంటి వాళ్ళందరికీ చూపించాను. మామూలు రెక్కల పురుగు తొండం మెత్తగా చుట్టుకుని ఉంటుంది, పువ్వులో తేనె తాగడానికే పనికొస్తుంది. దీని తొండం కొస గట్టిగా, కోసుగా ఉండి, వెనక్కి వంగిన ముళ్ళతో నిండి ఉంటుంది. తొండం నిలువునా రెండు సగాలు. ఒక సగం ముందుకు తోసుకుని ముళ్ళతో పట్టు నిలుపుకుంటే, రెండో సగం దాన్ని దాటి ఇంకాస్త ముందుకు వెళుతుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి కదుపుకుంటూ చీనీ తొక్కను కూడా తొలిచేస్తుంది. తాగే రసం కొంచెమే. అసలు నష్టం ఆ చిల్లుతో వస్తుంది. దానిగుండా బూజులు, బ్యాక్టీరియా లోపలికి దిగి కాయ కుళ్ళి, కొన్ని రోజుల్లో రాలిపోతుంది. ఆ వాసనకు మరిన్ని పురుగులు వస్తాయి. అప్పటికే చిల్లు పడిన కాయల మీద వేరే రెక్కల పురుగులు కూడా మూగుతాయి. ఆముదం చేలో దాసరి పురుగు ఉంటుంది కదా, దాని రెక్కల పురుగు ఆ రాత్రి బాగా కనిపించింది. టార్చి వేసి చూసినవాళ్ళు కాయ మీద వాలిన ప్రతిదాన్నీ లెక్కలో వేసుకుంటే తప్పుదారి పడతారు. నారింజ రంగు కింద రెక్క ఉందా లేదా అన్నది చూసుకోవాలి.

మందులు ఎందుకు పనిచేయలేదో ఇక్కడే తేలిపోయింది. ఈ పురుగు తొక్కను కొరికి తినదు, తొక్క మీద పడిన మందు దాని నోటికి చేరదు. రాత్రి కొన్ని గంటలు వచ్చి పోతుంది. ఈ రోజు చచ్చినవాటి చోటు రేపు కొండ నుంచి వచ్చేవి నింపుతాయి. పైగా కోతకు వచ్చిన కాయ మీద మందు కొడితే అది తినేవాళ్ళ కడుపులోకి పోతుంది. ఆ మాట పెద్దాయనకు గట్టిగానే చెప్పాను.

ఇంతకీ ఇది ఎక్కడ పుడుతుంది? చీనీ చెట్టు మీద ఎంత వెతికినా దీని గుడ్డు దొరకదు, గొంగళి దొరకదు. రెక్కల పురుగుకు చీనీ కావాలి, దాని పిల్లకు చీనీ ఆకు అక్కర్లేదు. పిల్ల బతికేది తిప్పతీగ, దూసర తీగ, వాటి కుటుంబంలోని ఇంకొన్ని అడవి తీగల మీదే. (పసిఫిక్ ద్వీపాల్లో ఫలోనియా ఎరిథ్రినా చెట్ల మీద కూడా పెరుగుతుంది. మన దగ్గర మాత్రం ఈ తీగలే.) అంటే ఈ పురుగుకు రెండు చోట్లు ఉండాలి. పుట్టి పెరగడానికి తీగ ఒకటి, తాగడానికి పండు ఒకటి. రెండూ రాత్రి ఎగిరి రాగల దూరంలో ఉన్న తోటలో దీని బాధ తప్పదు. ఈ తోటకు ఒక పక్క కొండే ఉంది, రెండో పక్కన కంచె.

మరుసటి రోజు పగలు కంచె చూశాం. ముళ్ళతీగ కంచెను కప్పేసి పొడుగునా తిప్పతీగ అల్లుకుని ఉంది. హృదయాకారపు ఆకులు, బుడిపెల కాడ, పైనుంచి కిందికి వేలాడే సన్నటి వేర్లు. మధ్యమధ్యలో దూసర తీగ కూడా. దీని ఆకు నీళ్ళలో పిసికి పెడితే కాసేపటికి నీళ్ళు గడ్డకడతాయి, మన ఊళ్ళలో పిల్లలు ఆడుకునే ఆట అది. వానలు పడ్డాక రెండు తీగలూ లేత ఆకు వేసి దట్టంగా ఉన్నాయి. ఆకులు తిప్పి చూస్తూ పోతే అడుగున గుండ్రటి లేత రంగు గుడ్లు, పొదిగి ఖాళీ అయిన గుడ్ల పెంకులు, ఇంకొంచెం ముందుకు పోతే గొంగళ్ళు.

ఆ గొంగళిని ఒకసారి చూస్తే మరిచిపోరు. మఖమలు నలుపు ఒళ్ళు. పక్కన రెండు జతల కంటి మచ్చలు, నల్లటి గుడ్డు చుట్టూ తెలుపు పసుపు వలయం. ముట్టుకుంటే తల కిందికి ముడుచుకుని, నడుము పైకెత్తి, వెనక భాగాన్ని నిలబెట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు ఆ మచ్చలే ముందుకు వచ్చి పెద్ద కళ్ళు మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. పక్షులను బెదిరించడానికి దానికున్న ఉపాయం అది. పూర్తిగా పెరిగితే అయిదారు సెంటీమీటర్లు. ఆకులు రెండు మూడు దగ్గరికి లాక్కుని పట్టుదారంతో కుట్టుకుని వాటి మధ్య ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా నెల నుంచి నెలన్నర. జూన్, జులై వానలకు తీగ చిగురిస్తే సెప్టెంబరుకు కనీసం రెండు తరాలు కంచె మీదే ఎదుగుతాయి. సరిగ్గా కాయ రంగు తిరిగే వేళకు అవి రెక్కలతో సిద్ధంగా ఉంటాయి.

ఆ తిప్పతీగ దానంతట అది మొలిచింది కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కషాయానికని ఆ ఇంటి అవ్వ నాటించింది. చిన్న ముక్క కంచెకు వేలాడేస్తే చాలు, మట్టి లేకపోయినా బతికే తీగ అది. గాలి వేరు కిందికి దింపి నేలను అందుకుంటుంది. నాలుగైదేళ్ళలో కంచె నిండిపోయింది. తీసేయాలన్నప్పుడు అవ్వ అడ్డం తిరిగింది. "కరోనాలో మమ్మల్ని కాపాడింది అదే నాయినా. దాన్ని పీకుతానంటే నేనొప్పుకోను" అంది. ఆమె నమ్మకాన్ని కాదని తీగ పీకడం కుదరదు. ఊళ్ళో సగం మంది జ్వరం వస్తే ఆ కంచె దగ్గరికే వస్తారు. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఇంటి ముందు వేపచెట్టు మీద ఒక్క తీగ ఉంచాలి, అవ్వే వారానికోసారి ఆకులు తిప్పి చూసి గొంగళ్ళు ఏరేయాలి, కంచె మీద ఉన్నదంతా తీసేయాలి. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. రోజూ తీగ దగ్గరికి వెళ్ళే మనిషి కన్నా మంచి కాపలా ఏముంటుంది.

కంచె తీగ తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నరికి గట్టున పడేస్తే తిప్పతీగ చావదు, పడిన చోటే మళ్ళీ వేరు దిగుతుంది. కంచె మీద వేలాడుతూ మిగిలిన ముక్క కూడా అంతే. కాబట్టి మొదలు వేరుతో సహా తవ్వించి, ముక్కలన్నీ ఏరించి, కళ్ళం మీద పరిచి పూర్తిగా ఎండిన తర్వాత కాల్పించాం. దూసర తీగ వేరు లోతుకు పోతుంది, దాన్ని ఒకేసారి వదిలించుకోలేం. వాన పడ్డ ప్రతిసారీ మొలకలు చూసి తవ్వాల్సిందే.

కొండ సంగతి వేరు. కొండ మీద ఈ తీగలు బోలెడు ఉన్నాయి, పురుగులో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది. ఆ ఊరి రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి కొండ అంచున తీగలు కొట్టేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం), లోపల శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. అడవిలో తీగ కొట్టడం చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొండంతటా తీగ ఏరేయడం ఎవరి తరమూ కాదు. పైగా అక్కడ ఈ పురుగు పక్షులకు, గబ్బిలాలకు, గుడ్లలో పెరిగే సన్న కందిరీగలకు ఆహారం. అడవిలో అది పీడ కాదు, అక్కడి జీవి. మన గట్టు మీద, మన కంచె మీద దానికి ఇల్లు కట్టివ్వకుండా ఉండటం వరకే మన పని.

తోటలో చేసినవి చెబుతాను. మొదటిది, రాలిన కాయ ప్రతి రోజూ ఏరి గుంత తీసి పూడ్చడం. ఇది అందరూ చిన్న పని అనుకుంటారు కానీ నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను. చెట్టు కింద పులిసే కాయే ఈ పురుగును తోటలోకి పిలుస్తుంది. రెండోది రాత్రిపూట చేతి వల. సీజను నడిచినన్నాళ్ళు కొడుకు, ఇద్దరు కూలీలు కలిసి కొండ వైపు వరుసల్లో ఎనిమిది నుంచి పదకొండు దాకా తిరిగి పట్టారు. తొండం కాయలో దిగి ఉన్నప్పుడు పురుగు వెంటనే లేవలేదు, వల వేయడానికి అదే సమయం.

మూడోది ఎర. బెల్లం నీళ్ళు, కాస్త పండ్ల రసం, అందులో లేబుల్ మీద ఉన్న మోతాదు ప్రకారం మలాథియాన్, వెడల్పాటి మట్టి మూకుళ్ళలో పోసి కొండ వైపు అంచున వేలాడదీయడం. పాతకాలం నుంచి ఉన్న సిఫార్సే ఇది. కానీ సాయంత్రం కట్టి తెల్లారేలోపు తీసేయకపోతే పొద్దున్నే తేనెటీగలు వచ్చి పడి చస్తాయి. చాలా తోటల్లో ఎర కట్టి వారం దాకా అలాగే వదిలేస్తారు. తేనెటీగను చంపుకున్న రైతు తర్వాతి పూతకు నష్టపోతాడు. కుక్కలకు, పశువులకు అందనంత ఎత్తులో ఉండాలన్నది కూడా మరవకూడదు.

కొండ వైపు మొదటి వరుసల్లో కింది కొమ్మల కాయలకు సంచులు తొడిగాం. మొత్తం తోటకు సంచులు అంటే కూలీ ఖర్చే కాయ ధరను మించుతుంది. కాగితం సంచి అక్టోబరు వానకు తడిసి చిరిగింది, నాన్ ఓవెన్ (నేయని గుడ్డ) సంచి నిలబడింది. సంచి వదులుగా ఉండాలి. కాయకు అతుక్కుంటే పురుగు సంచి బయట నుంచే తొండం దించుతుంది. రసం, తీపి సరిపోయిన వరుసలను రంగు పూర్తిగా తిరిగే దాకా ఆగకుండా కోయించాం. చీనీ చెట్టు నుంచి తెంపాక ఇంకా పండదు కాబట్టి రసం చూసుకునే కోయాలి, కానీ అవసరం దాటి చెట్టు మీద ఉంచితే అది పురుగుకు పెట్టిన విందే.

దీపపు ఎర పెట్టమని ఊళ్ళో చాలామంది సలహా ఇచ్చారు. వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగుకు దీపపు ఎర బాగా పనిచేయడం మన రైతులకు అనుభవమే, అందుకే ఆ మాట వస్తుంది. ఈ పురుగు మాత్రం ప్రధానంగా పండు వాసన మీద వస్తుంది, దీపానికి అంతగా లొంగదు. జపాన్‌లో తోటల్లో రాత్రంతా పసుపు దీపాలు వెలిగించి ఇలాంటి పురుగులను ఆపుతారు. ఆ వెలుతురుకు వాటి కళ్ళు పగలని అనుకుని అవి కదలకుండా ఉండిపోతాయి. వ్యవసాయ కనెక్షన్‌కు రోజుకు తొమ్మిది గంటల కరెంటు ఇచ్చే చోట రాత్రంతా దీపాలంటే ఆలోచించాల్సిన విషయమే. సాయంత్రం పొగ పెట్టే పద్ధతి ఉంది, గాలి లేని రాత్రి కొంత పనిచేస్తుంది. కానీ అడవి పక్క తోటలో నిప్పు వద్దన్నాను.

ఆ సీజనులో ఫలితం సగమే. కంచె వైపు రాలడం కళ్ళకు తెలిసేలా తగ్గింది, కొండ వైపు తగ్గింది తక్కువ. తర్వాతి ఏడు జూన్ నుంచే కంచె శుభ్రంగా ఉంచారు. సెప్టెంబరులో దక్షిణం వైపు వరుసలకూ తోట మధ్యకూ తేడా కనబడలేదు. పురుగు మందుల ఖర్చు దాదాపు లేకుండా పోయింది. కొండ వైపు మొదటి రెండు వరుసలకు మాత్రం ప్రతి ఏడాదీ సంచులు, వల తప్పవు. కొత్తగా తోట పెట్టేవాళ్ళయితే అడవి అంచున ఆ రెండు వరుసల చోటు చీనీకి కేటాయించకపోవడమే మేలని నా అభిప్రాయం. పండు రసం లేని పంట ఏదైనా వేసుకోవచ్చు.

పక్క తోట రైతు దానిమ్మ వేశాడు, అతనికీ ఇదే బాధ. అతని కంచె మీద తిప్పతీగ లేదు, కానీ పాడుబడిన బావి చుట్టూ ఉన్న చెట్ల మీదంతా దూసర తీగే. అక్కడ ఆకులు తిప్పి చూస్తే గొంగళ్ళు దొరికాయి. బావి ఇద్దరి ఉమ్మడిది కాబట్టి కూలీ ఇద్దరూ పంచుకుని తవ్వించుకున్నారు. వచ్చే జూన్‌లో మొదటి వానకు దూసర మొలకలు వస్తాయి, బావి దగ్గర మళ్ళీ చూడాల్సి ఉంది.